ఆసుపత్రుల పద్దు

సాయంత్రం ఐదింటికి శాసనసభలో ఆ రోజు బడ్జెట్ చర్చ ముగిసింది. మొన్నటిదాకా నర్సుగా పనిచేసి, ఈసారే గెలిచిన సభ్యురాలు ప్రసంగం కాగితాలతో గుమాస్తా గదికి వచ్చింది.

"ఆసుపత్రుల పద్దు మీద నా వంతు ఎప్పుడండీ?"

"అయిపోయిందమ్మా. చర్చకిచ్చిన గడువు ముగిసిందని, ఆసుపత్రులదీ మిగతా పద్దులన్నీ కలిపి ఒకేసారి ఓటుకు పెట్టేశారు."

"చర్చ లేకుండానా? చెయ్యెత్తుకునే కూర్చున్నాను కదా."

"ఏటా ఇంతేనమ్మా."

"మా కాన్పుల వార్డులో మంచానికి ఇద్దరు పడుకుంటున్నారు. రెండేళ్లుగా ఈ సభ మంచాలకని డబ్బు ఇస్తోంది, ఒక్కటీ రాలేదు. ఎటు పోయిందో అడగొద్దా?"

"ఖర్చుల లెక్కలు చూసే పద్దుల కమిటీ అడుగుతుందమ్మా. మూడేళ్లు పట్టొచ్చు."

"అందాకా కాన్పులు ఆగుతాయా?"

గుమాస్తా పెన్ను తీసుకుని ఆ రోజు సభ రికార్డు రాయసాగాడు.

"పోనీ, ఈ కాగితాలు రికార్డులో చేర్చండి."

"సభలో పలకని మాట రికార్డుకెక్కదమ్మా."

ఆమె కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"అయితే మీరైనా వినండి."

అతను పెన్ను పక్కన పెట్టాడు.

"అధ్యక్షా," అంటూ ఆమె చదవడం మొదలుపెట్టింది.