హాజరు పుస్తకం నేనే తీసుకపోయినాను

బెంగళూరు నగరం. 1946 జులై 19, శుక్రవారం, పగలు పదకొండు గంటలు. సబ్ ఇన్‌స్పెక్టరుగారు అడగగా చెప్పింది.

నా పేరు అక్కయమ్మ. వయసు ఇరవై తొమ్మిది. మా నాయన పెద్దమునియప్ప, ఇప్పుడు లేడు. మొగుడు ఆదినారాయణప్ప, కబ్బన్‌పేటలో మగ్గం నేస్తాడు. మూడేండ్లుగా మేము వేరేగా ఉండాము. నేను బళేపేటలో గౌరమ్మగారి గాజుల అంగట్లో గాజులు తొడిగే పని చేస్తాను. అంగడి వెనక అరలోనే ఉంటాను. కన్నడంలో నాలుగో తరగతి దాకా చదివినాను.

ఇస్కూలు హాజరు పుస్తకం తీసుకపోయినానని నామీద ఫిర్యాదు. తీసుకపోయినాను. ఎందుకో కూడా రాసుకోండయ్యా.

ఆదినారాయణప్ప ఇంకొక ఆమెను తెచ్చుకున్నప్పుడు కులపెద్దలు పంచాయితీ చేసినారు. బిడ్డ తండ్రి దగ్గర ఉండాల, వాడు ఇస్కూలుకు పంపాల, నేను ఆ ఇంటి గడప తొక్కకూడదు అన్నారు. ఆ పొద్దు నేను నోరెత్తలేదు. అది నా తప్పు. ఇంకే తప్పూ నేను చేయలేదు.

నా బిడ్డ పేరు భాగీరథి. తొమ్మిదేండ్లు. మూడో తరగతి. దినామూ ఒంటిగంటకు ఇస్కూలు విడిచినప్పుడు గోడ దగ్గర నిలబడి చూసేదాన్ని. దానికి తినేదానికి ఏదన్నా పెట్టేదాన్ని. జూన్ పదిహేడో తేదీ సోమవారం బిడ్డ రాలేదు. మరుసనాడూ రాలేదు. కూడా చదివే పిల్లల్ని అడిగితే తెలీదన్నారు. ఆదినారాయణప్పకు చెప్పి పంపితే "ఇస్కూలుకు పోతా ఉండాది, దాని జోలికి రావద్దు" అని కబురు పంపినాడు.

జూన్ 21న హెడ్‌మేష్టరు నంజప్పగారి దగ్గరికి పోయినాను. బిడ్డ వస్తా ఉండాదా లేదా, అదొక్కటే అడిగినాను. ఆయన కన్నడంలో అన్నారు, తండ్రి వచ్చి అడిగితే చెప్తామని. నేను తెలుగులోనే అడిగినాను, "కన్నదాన్ని సామీ, నాకు చెప్పకూడదా?" అని. "దాఖలా పుస్తకంలో తండ్రి పేరుండాది. నీ పేరు లేదమ్మా" అన్నారు. జూన్ 28న పోయినాను. అదే మాట. జులై 9న పోయినాను. అదే మాట.

జులై 16, మంగళవారం, నాలుగోసారి పోయినాను. పదకొండు గంటలు. నంజప్పగారు ఎవరో పిలిస్తే పంచలోకి పోయినారు. బల్లమీద మూడో తరగతి హాజరు పుస్తకం ఉండింది. తెరిచినాను. పదకొండో పేరు నా బిడ్డది. జూన్ పదిహేడు నుంచి జులై ఆరు దాకా, ఆదివారాలు పోగా, పద్దెనిమిది దినాలు రాలేదని గుర్తులు. జులై 8న పేరు మీద ఎర్ర సిరాతో గీత.

ఆయన లోపలికి వచ్చి "పుస్తకం కింద పెట్టు" అన్నారు.

"ఈ గీత యేంది సామీ?"

"బిడ్డ ఇంక చదవదని తండ్రి కాగితం పంపినాడు. పేరు తీసేసినాము."

"ఎనిమిదో తేదీ తీసేసి, తొమ్మిదో తేదీ నేను వస్తే ఎందుకు చెప్పలేదు?"

ఆయన పుస్తకం కోసం చెయ్యి చాపినారు. గాజులు కట్టే గుడ్డ నా భుజాన ఉండింది. పుస్తకం దాంట్లో చుట్టుకొని బయటికి వచ్చినాను. పరుగెత్తినానని ఫిర్యాదులో ఉండాదంట. పరుగెత్తలేదు. నడిచినాను. ఇస్కూలు జవాను సందు మొదలు దాకా వెనకనే వచ్చినాడు. ఆయప్పనే అడగండి.

నేరుగా కబ్బన్‌పేటకు పోయినాను. గడప తొక్కలేదు. వీధిలో నిలబడి పుస్తకం తెరిచి గట్టిగా చదివినాను. జూన్ పదిహేడు, రాలేదు. పద్దెనిమిది, రాలేదు. పంతొమ్మిది, రాలేదు. వీధిలో మగ్గాలన్నీ నిలిచిపోయినాయి. జనం బయటికి వచ్చినారు. జులై ఆరు దాకా చదివినాను. ఆదినారాయణప్ప మగ్గం గుంటలోంచి లేచి వచ్చినాడు.

"ఆడపిల్లకు చదువేందికే? మా అక్క ఇంట్లో ఉండాది, హూడిలో. అక్క బిడ్డల్ని చూసుకుంటాది" అన్నాడు.

ఆ మాట పదిమంది విన్నారు. మధ్యాన్నం రైలెక్కి కృష్ణరాజపురంలో దిగి, హూడికి నడిచినాను. నాలుగున్నరకు చేరినాను. మా వదిన మారెమ్మ చంకలో ఒక బిడ్డ, నా బిడ్డ చంకలో ఒక బిడ్డ. దువ్వేవాళ్ళు లేక భాగీరథికి గుండు కొట్టించినారు. నన్ను చూసి అది దగ్గరికి రాలేదు. చంకలో బిడ్డను ఎవరికియ్యాలో తెలీక అట్లే నిలబడింది. దాని పలక మజ్జిగ కుండ మీద మూతగా పెట్టుండారు.

"నీ మొగుణ్ని అడగకుండా ఎట్ల తీసుకపోతావు?" అని వదిన అడ్డం వచ్చింది.

"అడిగే వచ్చినాను. కబ్బన్‌పేట వీధి వీధంతా విన్నారు. కుండకు వేరే మూత చూసుకో వదినా" అన్నాను. పలక తీసుకున్నాను. బిడ్డ చెయ్యి పట్టుకున్నాను.

తిరుగు రైల్లో భాగీరథి పుస్తకం తెరిచి తన పేరు వెతుక్కునింది. ఎర్ర గీత చూసి "అమ్మా, నేను చచ్చిపోయినానని చెప్పినారా?" అని అడిగింది. పోయినేడు టైఫాయిడులో పోయిన తన తరగతి పిల్ల పార్వతి పేరు మీద ఇట్లే గీసినారంట. లేదమ్మా, నువ్వు బతికే ఉండావు అని చెప్పినాను. కృష్ణరాజపురం నుంచి బెంగళూరు దాకా ఆ మాటే చెప్పినాను.

మరుసనాడు పొద్దున్నే అంగట్లో కూర్చొని, గాజుల సైజులు రాసుకునే పెన్సిలుతో ఎర్ర గీత పక్కన రాసినాను. "తల్లి అక్కయమ్మ. గౌరమ్మగారి గాజుల అంగడి, బళేపేట. ఈ బిడ్డ సంగతి ఏదైనా ఈమెకూ చెప్పవలెను." చదవను రాలేదనకుండా కన్నడంలోనే రాసినాను. ఒక్క కాగితం చింపలేదు. తొమ్మిదిన్నరకు పుస్తకం తీసుకపోయి నంజప్పగారి బల్లమీద పెట్టినాను. బిడ్డను మళ్ళీ చేర్చుకోమన్నాను. తండ్రి చేవ్రాలు కావాలన్నారు. నేను చేస్తానన్నాను. కుదరదన్నారు. ఆ సాయంత్రమే ఫిర్యాదు ఇచ్చినారు.

నిన్న ఆదినారాయణప్ప అంగడికి వచ్చి పంచాయితీ మాట తప్పినావన్నాడు. "నేను మూడేండ్లు నీ గడప తొక్కలేదు. ఇస్కూలుకు పంపుతానన్న మాట నువ్వు నిలుపుకున్నావా?" అని అడిగినాను. గాజులు వేయించుకోను వచ్చినోళ్ళు నలుగురు ఉండారు. పోయినాడు. బిడ్డ నా దగ్గర ఉండాది. ఎవరికీ ఇయ్యను.

ఈ పొద్దు తమరు నంజప్పగారిని పుస్తకంతో పిలిపించినారు. నేను క్షమించమని అడిగి, ఆ రాత చెరిపేస్తే ఫిర్యాదు వాపసు తీసుకుంటామని ఆయన అన్నారు. రబ్బరు నా చేతికిచ్చినారు. బల్లమీద పెట్టేసినాను. "పెన్సిలు రాతే సామీ, మీరే చెరపండి. చెరిపితే మళ్ళీ వచ్చి రాస్తాను" అన్నాను. ఆయన రబ్బరు చేతిలోకి తీసుకున్నారు. ఆ రాత చదివినారు. మళ్ళీ చదివినారు. చెరపలేదు.

నేను తెలుగులో చెప్పింది రాసి, నాకు చదివి వినిపించినారు. "పొరపాటున తీసుకపోయినాను" అని ఒకచోట రాసుంటే కొట్టేయించినాను. మిగిలిందంతా నేను చెప్పినట్లే ఉండాది, నిజమే చెప్పినాను. ఎవరూ బెదిరించలేదు, నేర్పలేదు.

(చేవ్రాలు) అక్కయమ్మ
భాగీరథి తల్లి