అందినట్టు సంతకం

ఆహార తనిఖీ ఆఫీసు వెనక వరండాలో, భోజనాల వేళ, ఇద్దరే ఉన్నారు. ఒకాయన ఆ ఆఫీసు నోటీసులు ఇంటింటికీ, షాపుషాపుకీ అందించే పెద్దాయన. రెండో అతను బేకరీ నడిపేవాడు. అతని కూతురు పోయి పదహారు రోజులు.

“కేసు ఎత్తెయ్యమని రాలేదు బాబాయ్. షాపుకి సీలు వేశారు, ఉండనీ. జైల్లో పెట్టినా పోతాను. నువ్వొక్కసారి మా ఇంటికి రా, చాలు.”

“మీ ఇంటికి నేనెందుకయ్యా? ముందు అన్నం తిన్నావా?”

“మాట మార్చకు. వచ్చి మా ఆవిడతో ఒక్క ముక్క చెప్పు. నీ మొగుడు ఆ కాగితం చూడలేదమ్మా, అని.”

“ఏ కాగితం?”

“ఏ కాగితమా! ఆ పాలపొడిలో విషం కలిసింది, వాడొద్దు, డబ్బాలు పక్కన పెట్టెయ్, అని మీ ఆఫీసు రాసిన కాగితం. నాలుగో తారీఖునే నాకు అందినట్టు రాసుందట కదా. మా బావమరిది ఎక్కడో విని ఇంట్లో చెప్పాడు. అప్పట్నుంచీ ‘తెలిసే పెట్టావా?’ అంటోంది. అరవదు, ఏడవదు. అదొక్కటే అడుగుతుంది. రోజూ సాయంత్రం పాపకి బన్ను పట్టుకెళ్లింది నేనే కదా.”

“అయ్యో...”

“తెలిస్తే పెడతానా? నువ్వు చెప్పు, పెడతానా?”

“పెట్టవు. ఎవడు పెడతాడయ్యా.”

“ఆ మాటే వచ్చి చెప్పమంటున్నా.”

“చూడు నాయనా, మాకో రూలుంది. మనిషి చేతికివ్వాలి. మనిషి దొరక్కపోతే తలుపుకి అంటించాలి. అంటిస్తే అందినట్టే. చదివాడా లేదా అని ఎవరూ అడగరు. ఆ రోజు నీ షాపు మూసుంది. అంటించాను.”

“ఎక్కడ?”

“షాపుకే.”

“షాపుకంటే షట్టరుకి! ఆ రోజు పిండి తేవడానికెళ్లాను. మర్నాడు తెల్లారకముందే వచ్చి షట్టరు ఎత్తాను. అది చుట్టుకుని పైకి పోతే నీ కాగితం కూడా దాంతోనే పోయింది. మళ్లీ దించేది చీకటి పడ్డాకే. సీలు వెయ్యడానికి పట్టపగలు దించితే అప్పుడు కనబడింది, నలిగిపోయి. వారం రోజులు నా నెత్తి మీదే ఉంది బాబాయ్, నా నెత్తి మీదే!”

“తప్పే. పక్క గోడకి అంటించాల్సింది. నన్ను తిట్టు, కొట్టు.”

“కొట్టడానికి రాలేదు. ఈ షట్టరు సంగతి ఆవిడకి చెప్పు.”

“చెప్పలేను.”

“ఉద్యోగం పోతుందనా?”

“ఉద్యోగందేముంది, ఇంకో ఏడాదేగా.”

“మరి?”

“చెప్పలేనయ్యా. వదిలెయ్.”

“వదిలెయ్యనా? నా చేత్తో ఇస్తే మంచినీళ్లు కూడా తాగట్లేదు బాబాయ్. గ్లాసు వాసన చూస్తోంది. పాప ఎలాగూ లేదు. ఈవిడ కూడా లేకపోతే నేనెవరికోసం బతకాలి?”

“ఊరుకో. ఊరుకో నాయనా.”

“సరే, రావద్దు. షట్టరుకి అంటించినట్టు నువ్వు రాసుకుంటావుగా, అది చూపించు. ఫోటో తీసుకెళ్లి చూపిస్తా.”

“పుస్తకం లోపలుంది.”

“నీ సంచిలో ఉంది. అంచు కనబడుతోంది.”

“అది... అది వేరే పుస్తకం.”

“సంతకాల పుస్తకమేగా? ఇటివ్వు.”

“వద్దు. పెద్దవాణ్ణి అడుగుతున్నా, వద్దు.”

“ఇటివ్వమంటే!”

“లాగకు, చిరుగుతుంది, చిరుగుతుంది...”

“రెండు... మూడు... ఇదిగో, నాలుగు. మా షాపు పేరు. ‘ఒక ప్రతి షాపునకు అంటించడమైనది. రెండవ ప్రతి ఇంటి వద్ద...’ ఇంటి వద్దేంటి?”

“మూసెయ్యి.”

“సంతకం ఉంది.”

“మూసెయ్యి నాయనా.”

“ఇది మా ఆవిడ సంతకం.”

“అంటించాక మనసొప్పక మీ ఇంటికీ వెళ్లాను. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా తీసుకోవచ్చు. పాపకి స్నానం చేయిస్తోంది. సబ్బు చేతులతోనే వచ్చి పెట్టింది. చూడు, అలికిపోయింది. ఏంటిదంది. షాపు కాగితమమ్మా, మీ ఆయనకివ్వు అన్నాను. నా నోరు పడిపోనూ, అంతకుమించి చెప్పలేదు. ఇంతలో లోపల పాప కెవ్వుమంది. కాగితం ఎక్కడో పడేసి పరిగెత్తింది.”

“లైసెన్సు కాగితం అనుకునుంటుంది. ఏటా వస్తుందిగా.”

“అనుకునే ఉంటుంది. అసలు గుర్తు కూడా లేదేమో.”

“ఇదెవరు చూశారు?”

“నేనే. పైవాళ్లకి తారీఖు ఒక్కటే చెప్పాను. సోమవారం పుస్తకం కోర్టుకి తెమ్మన్నారు.”

“అక్కడ చదువుతారా?”

“పైకే చదువుతారు. ఆవిణ్ణి పిలిచి, ఈ సంతకం నీదేనా అని అడుగుతారు.”

“పెన్నివ్వు బాబాయ్. ఈ పేజీ చింపెయ్. నాకే అందినట్టు ఇంకోటి రాయి.”

“దొంగ రాత రాయమంటావా? ఆవిడ ఇక జన్మలో నీ మొహం చూడదయ్యా!”

“రాయి. నాలుగో తారీఖు. కాగితం నా చేతికే ఇచ్చావు. నేను చదువుకునే సంతకం పెట్టాను.”