పన్నెండో ట్యూబు

నీ బోటులో పనిచేసే వాళ్లే నలుగురు కలిసి ఒక్కడి మీద పడటమేమిట్రా? వాళ్లూ మనుషులేనా? నువ్వు మాట్లాడకు తమ్ముడూ. దవడకి తీగలు కట్టారు, కదిపితే ఊడతాయట.

పొద్దున్నే నీ బోటు దగ్గరికి వెళ్లాను. మా వాణ్ణి ఇనుప రాడ్డుతో కొట్టిందెవడ్రా అంటే, ఆ మీసాలోడు నవ్వాడు. ఏం చూసుకుని నవ్వాడో! చేపల కత్తి నా చేతిలోనే ఉంది. వాడి చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా చీరేశాను. చేటంత వెడల్పుండే టేకు చేప రెక్క తెగినంత సులువుగా తెగిందిరా. ఇరవై ఏళ్లుగా చేపల కంపెనీలో అదే పని కదా. మిగతా ముగ్గురూ జెట్టీ గోడ దూకి పారిపోయారు.

రక్తం కారుతూనే వాడేమన్నాడో తెలుసా? "సర్కారు పట్టొద్దన్న నిషేధం టేకు వలలో పడితే వదిలేయాలని మా చేత ఒట్టు వేయించుకున్నాడు నీ తమ్ముడు. బోటు నడిపే సరంగు మాట కదా అని మేం వదిలేశాం. తనొక్కడే దాచి అమ్ముకున్నాడు. బోటు లైసెన్సు పోయింది. మా పిల్లల నోట్లో మట్టి కొట్టాడు" అన్నాడు. ల్యాబు కాగితం నా మొహాన కొట్టాడు. నీ బోటు చేప ముక్కలో డీఎన్‌ఏ నిషేధం జాతిదేనట.

అలా తల ఊపకు. నువ్వు దాచలేదని నాకు తెలుసు. నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?

ల్యాబు అమ్మాయి ఉంది చూడు, కళ్లద్దాల పిల్ల. "తోలు ఒలిచాక ఏది ఏ జాతో కంటికి తెలీదక్కా. ఏ బోటు చేప ముక్క ఆ బోటు ట్యూబులోనే వెయ్యి" అని లక్షసార్లు చెప్పింది. ఆ రోజు పన్నెండు ట్యూబులిచ్చింది. పదకొండు సరిగ్గానే కోశాను, ఒట్టు! పన్నెండోది నీది. నీ చేప ఐసు అడుగున ఎక్కడో ఉంది. నడుం పడిపోతోంది, మళ్లీ ఎవరు వంగుతారు? మనవాడే కదా, ఏమనుకుంటాడులే అనుకున్నాను. బల్ల మీద మా యజమాని దొంగచాటుగా తెప్పించిన నిషేధం టేకు రెక్క ఉంటే, అందులోంచి గోరంత కోసి నీ ట్యూబులో వేసేశాను.

ఆ పిల్ల ఇప్పుడు బయటే కూర్చుంది. నీ చేప ఇంకా ఐసులో ఉంటే మళ్లీ పరీక్ష చేస్తానంటోంది.

ఉండేదిరా. ఇందాక వస్తూ వస్తూ చేపల పొడి మిల్లులో పడేసి వచ్చాను. నిజం తెలిస్తే యజమాని నన్ను బతకనిస్తాడా? ఆ నలుగురూ నా దవడ వదులుతారా?

ఏడవకు. ఆరు వారాల దాకా నోరు తెరవకూడదన్నాడు డాక్టరు. కుడిచేతికీ కట్టే ఉంది, రాయనూ లేవు.

అందుకేరా, నీ ఒక్కడికే చెప్పాను.