ఇంట్లోనే ఉండాల్సిన ఫైలు

పేరు, చిరునామా పైన రాసుకున్నారు. వయసు యాభై ఆరు. వృత్తి బట్టలు కుట్టడం. చనిపోయిన మనిషి మా అక్క. గురువారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి మా ఇంట్లో సమన్వయాధికారిణిని ఫైలుతో కొట్టాను. ఫిర్యాదులో ఒకసారి అని ఉంది. రెండుసార్లు కొట్టాను. ఆమె ఏదీ సరిగ్గా రాయదు.

అక్కకు కాలేయంలో క్యాన్సర్. ఇక చేసేదేమీ లేదని రెండు నెలల క్రితం ఆస్పత్రి వాళ్లు ఇంటికి పంపేశారు. "నన్ను ఇక్కడే పోనివ్వవే, మళ్లీ ఆ చక్రాల మంచం ఎక్కించకు" అంది అక్క. సరేనన్నాను. డాక్టరు, నర్సు, మందులు, అంబులెన్సు, అన్నిటినీ ఒక్క తాటి మీదకు తెచ్చి ఇంట్లోనే చూసుకునే పథకం ఉందన్నారు. ఆ తాడు పట్టుకునే మనిషే ఈ సమన్వయాధికారిణి. మెడలో కార్డు, నోట్లో 'మనమంతా ఒక కుటుంబం'. మా కుటుంబంలో ఉన్నది అక్కా నేనూ మాత్రమే.

ఆమె పెట్టిన నియమం ఒక్కటే. అక్క వైద్యం వివరాలుండే నీలం ఫైలు ఇల్లు దాటకూడదు. ఎవరొచ్చినా అందులో చూసి, అందులోనే రాయాలి. డాక్టరు సంతకం చేసిన మోతాదు కాగితం అందులోనే ఉంటుంది. నొప్పి ముదిరితే ఇవ్వాల్సిన ఇంజెక్షన్లు సీలు వేసిన పెట్టెలో మా అల్మారాలో ఉన్నాయి. ఆ కాగితం చూడకుండా నర్సు సీలు తీయకూడదు. ఫైలు పేజీలు చిరగకుండా అంచులకు నేను గుడ్డ పట్టీ కుట్టాను.

మంగళవారం ఫైలు ఆమె ఆఫీసుకు వెళ్లింది. పైనుంచి తనిఖీకి వస్తున్నారట, మచ్చుకొకటి చూపించాలట. సాయంత్రానికి తెస్తానంది. బుధవారం ఫోన్ చేస్తే, "రేపు తప్పకుండా అమ్మా" అంది.

గురువారం పదకొండుంబావుకు నొప్పి మొదలైంది. పదకొండు నలభైకి నర్సు వచ్చింది. పెట్టె బల్ల మీద పెట్టి ఫైలు అడిగింది. లేదన్నాను. డాక్టరుకు ఫోన్ చేసింది. మోతాదు నోటిమాటగా చెప్పకూడదు, సమన్వయాధికారిణిని అడగండి అన్నాడాయన. ఎవరికి వారే యమునా తీరే. ఆవిడేమో ఫోన్ ఎత్తలేదు. ఆఫీసులో ఇంకెవరో ఎత్తి, మేడమ్ మీటింగులో ఉన్నారన్నారు. దేని గురించి అన్నాను. ఇంటి దగ్గర సంరక్షణను ఇంకా మెరుగుపరచడం గురించి అన్నారు. నాకు నవ్వొచ్చింది. నవ్వానని కూడా రాసుకోండి.

"ఆస్పత్రికి తీసుకెళ్దాం పిన్నీ, అక్కడైతే వెంటనే ఇస్తారు" అంది నర్సు. అక్క వద్దని తల ఊపింది. అప్పటికే మాట పోయింది. దుప్పటి అంచు పళ్లతో కరిచి పట్టుకుంది. పెట్టె నాలుగడుగుల దూరంలో ఉంది. నేను సీలు చింపబోతే నర్సు నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "ఎంతివ్వాలో నాకు తెలీదు పిన్నీ, నా చేత్తో చంపించకు." ఆ పిల్లను నేనేమీ అనను. పన్నెండు యాభైకి అక్క పోయింది. పళ్ల మధ్య నుంచి దుప్పటి తీయడానికి మేమిద్దరం కావాల్సొచ్చింది.

ఒంటిగంటా పదిహేనుకు సమన్వయాధికారిణి ఫైలు తెచ్చింది, చేతులు కాలాక ఆకులన్నట్టు. కుర్చీ లాక్కుని కూర్చుని, చివరి పేజీలో 'కోరుకున్న చోటే మరణించారా' అన్న గడిలో టిక్కు పెట్టింది. "అక్కగారి కోరిక తీరిందమ్మా, ఈ అదృష్టం అందరికీ ఉండదు" అంటూ సంతకానికి పెన్ను చాపింది. నేను పెన్ను తీసుకోలేదు. ఫైలు తీసుకున్నాను. అందుకు నాకేమీ బాధ లేదు.

స్టేషన్ రైటరుగారు ఇదంతా చదివి వినిపించారు. ఒకచోట సరిచేయమన్నాను. ఫైలు ఆఫీసుకు వెళ్లిందని చెప్పాను. దానికి కాళ్లు రాలేదు. "ఇంత పొందిగ్గా ఎవరూ పెట్టుకోలేదమ్మా, మీదే చూపిస్తాను" అందామె. నియమం నాకు తెలుసు. మంచం మీది నుంచి అక్క "ఇవ్వకే" అని కూడా అంది. నేను పొంగిపోయి, కొత్త గుడ్డసంచిలో పెట్టి, గుమ్మం దాకా వెళ్లి మరీ ఇచ్చాను. నేనే ఇచ్చానని రాయమన్నాను, రాశారు. ఇప్పుడిక ఇందులో అబద్ధం లేదు. నా చేత్తోనే సంతకం చేస్తున్నాను.

(సంతకం)