మావారి మంత్రి పదవి

మొదటి ప్రపంచయుద్ధానికి రెండేళ్ళ ముందు, లండన్‌లో ఒక ఉదయం. పార్లమెంటు సభ్యుడు ఆంబ్రోస్ ప్రయాణానికి సర్దుకుంటున్నాడు. భార్య హెస్టర్ టీ పోస్తోంది.

"మోకాళ్ళ దాకా ఆ బూట్లేమిటండీ? సభలోకి వరదొచ్చిందా?"

"చెప్పానుగా, చేపలు పట్టడానికి వెళ్తున్నానని. రెండ్రోజులే."

"చెప్పలేదు. ఆడవాళ్ళ ఓటు బిల్లు ఇవాళేగా?"

"ఇవాళే. అందుకే సర్ లియోనెల్‌తో జంట కట్టా. ఆయనా వస్తున్నాడు."

"మళ్ళీ జంటా! ఆయనది ఆ పార్టీ, మీది ఈ పార్టీ. ఆయన ఓటుకి మీ ఓటు చెల్లు, ఇద్దరూ సభ ఎగ్గొట్టొచ్చు. ఆరేళ్ళుగా చూస్తున్నా ఈ భాగోతం."

"భాగోతమేమిటి! పెద్దమనుషుల ఒప్పందం. నష్టం ఎవరికీ లేదు."

"మిమ్మల్ని గెలిపించిన కార్ల్‌బీలో మిల్లు ఆడవాళ్ళ ముందు గుండెమీద చెయ్యేసుకుని మాటిచ్చారు, నా ఓటు మీకేనని."

"ఇచ్చా. ఆ ప్రసంగం రాసింది నువ్వేగా."

"అన్నీ నేనే రాశా. మొదటి ఎన్నికల్లో మీ గొంతు పోతే బండెక్కి చదివింది కూడా నేనే. పోయినసారి అరవై ఒక్క ఓట్లతో బయటపడ్డారు. ఆ అరవై ఒక్కటీ ఎక్కణ్ణించి వచ్చాయనుకున్నారు? వానలో నేను తిరిగిన గడపల్లోంచి."

"ఎరుగుదును తల్లీ. ఊరంతా నన్ను హెస్టర్ గారి మొగుడనే అంటారు. ఆ రొట్టె ఇటు జరుపు."

"సర్ లియోనెల్ బిల్లుకి వ్యతిరేకమా?"

"వాళ్ళ పార్టీలో అందరూ వ్యతిరేకమే."

"పార్టీ సంగతి కాదు. ఆయన."

"ఆయనా... అంటే, మొత్తమ్మీద... టీ చల్లారిపోయింది."

"ఇప్పుడే పోశా. నిన్న ఆయన భార్య టీకి పిలిచింది. తెగ మురిసిపోతోంది. 'మావారు మన వైపే. పైగా అటు పార్టీలో కాదనే ఓటొకటి పడకుండా, ఆ పెద్దమనిషిని చేపలకి లాక్కుపోతున్నారు' అంది."

"అలాగా?"

"పేరు ఆవిడకీ తెలీదట. ఎవరా ఘనుడని ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం."

"హెస్టర్, నా మాట విను."

"వింటున్నా. బూట్లు చూస్తూ వింటున్నా."

"ప్రధానికి ఈ బిల్లు గిట్టదు. వ్యవసాయశాఖ ఖాళీ అయింది. నాకిస్తానని కబురంపాడు. అవునని ఓటేస్తే ఆయన ఊరుకోడు, కాదని వేస్తే నువ్వు ఊరుకోవు. అందుకని మధ్యలో..."

"మధ్యలో చేపలు."

"మంత్రినవుతానే! జరీ కోటు, రాజుగారి విందు! నీకు సంతోషంగా లేదూ?"

"సిగ్గుగా ఉంది. ఆ మిల్లు ఆడవాళ్ళు సగం రోజు కూలి పోగొట్టుకుని మీ మీటింగుకి వచ్చారు. వాళ్ళ మొహం ఎలా చూడను?"

"రాజకీయాల్లో పట్టువిడుపులుంటాయి."

"ఉంటాయి. మంత్రి అయినవాడు సీటు వదులుకుని మళ్ళీ ఎన్నికలకి నిలబడాలి, అదీ ఉంటుందిగా?"

"చట్టం మరి. వచ్చే నెల్లోనే ఉండొచ్చు. దానికేం, నువ్వున్నావు! ఈ వారమే కార్ల్‌బీకి బయల్దేరు. పోయినసారి నా చేతిలో ఓడిన ప్రెస్కాటే మళ్ళీ పోటీకి వస్తాడు."

"ఆయనే వస్తాడు. అందుకే తపాలా ఆఫీసుకెళ్ళి వాళ్ళావిడకి టెలిగ్రాం కొడతా."

"ఆవిడకెందుకు?"

"జంట కట్టడానికి. ఆవిడా వాళ్ళాయన కోసం గడప దాటకూడదు, నేనూ మీ కోసం దాటకూడదు."

"పిచ్చా నీకు? ఆవిడ మంచం పట్టి మూడేళ్ళయింది! తిరిగేదెక్కడ? నేను ఓడిపోతానే!"

"తెలుసండీ. రైలుకి వేళయింది, బయల్దేరండి."

"...హెస్టర్, సభలో ఓటింగు ఎన్నింటికి?"