పద్నాలుగో దెబ్బ కాడ

హలో… ఆ, నేనే. జోసెఫ్ సారునే. చెప్పు మధులతా…

తెలుసమ్మా. ఈపొద్దు ఏప్రిల్ ఇరవైరెండు. మీ నాయన పోయి సంవత్సరం.

…లేదు, మరిచిపోలే. మీ అమ్మ తిథి చూసి మొన్ననే జరిపించింది గదా. కర్నూలుకొచ్చి భోంచేసి పోతి. నాకు మాత్రం తేదీనే లెక్క.

బళ్లోనే ఉండా. ఒంటిపూట బడి, పిల్లోళ్లు ఎప్పుడో పోయినారు. స్టాఫ్ రూములో నేనొక్కణ్ణే. …తింటాలే. …తింటానన్నా గదా.

ఏం ప్రయాణం?

…

మధూ, అది వద్దు. అది మీ నాయనా నేనూ పోవాలనుకున్న దావ. ఆయన లేడు. ఆ దావ కూడా లేదు.

…ఉండాది. అట్లాసు నా కాడనే ఉండాది. దక్షిణ భారతం పేజీ నిండా ఎర్రపెన్నుతో గీసినాడు, మహానుభావుడు. బడి అట్లాసప్పా అది అంటే, ‘పిల్లోళ్లకూ దావ తెలుస్తాదిలే సార్’ అన్నాడు.

రాసుకుంటావా? …సరే, చెప్పడానికేముంది. ఈడ కమలాపురం నుంచి కడప, ఒంటిమిట్ట. ఆడ బండికి నిమ్మకాయలు తొక్కించాల. నేను ఇంటికాడ ప్రార్థన చేసుకునే బండెక్కుతా అంటే, ‘ఇద్దరు కాపాడితే ఇంగా మంచిది గదా’ అన్నాడు. ఆడినుంచి తిరుపతి, వేలూరు, మధురై. మధురైలో వారం దినాలు సిలంబం. మన కర్రసాముకు అది చిన్నాయన కొడుకు అనేవాడు. ఆమీట ఘాట్ దాటి కేరళ. వాళ్ల సాము కళరి, అది నేర్పే గురువు కాడ పది దినాలు. మళ్లా మైసూరు మీద వెనక్కి. మొత్తం ఇరవైయారు దినాలు, ఒకే బండి.

…నవ్వు, నవ్వు. యాభైనాలుగేండ్ల డ్రిల్లు మాస్టరు, యాభైయారేండ్ల సోషల్ అయ్యవారు. మీ అమ్మ కూడా అట్లనే నవ్వింది.

నేనా?

…నేను రాలేనమ్మా.

మోకాలు కాదు. సెలవు సంగతీ కాదు, ఎల్లుండి నుంచి సెలవులే. …నీకెట్ల చెప్పేది.

జోడు సాము చూసినావు గదా. పద్దెనిమిది దెబ్బలు. ఆయన కొట్టాల, నేను కాసుకోవాల. కొట్టే వరస ఆయనకే వచ్చు, కాసుకునే వరస నాకే. ఇరవై ఏండ్లు ఈ గ్రౌండులోనే, బెల్లుకు ముందు. పద్దెనిమిదీ అయినాక రెండు కర్రలూ తాకించి నేల మీద పెట్టాల. వాళ్ల గురువు పెట్టిన కట్టు అది. నడుమ ఆపగూడదు.

ఆయన పోయిన దినం ఆపినాం.

పద్నాలుగో దెబ్బ కాడ బెల్లు కొట్టినారు. ప్రేయరుకు నేను ఎన్నడూ లేటు కాలే. ‘ఇంకా నాలుగే ఉండాయి సార్’ అన్నాడు. ‘సాయంత్రం చూద్దాంలే’ అంటి. కర్ర గోడకానిచ్చి పోతి.

ఇప్పటికీ పొద్దున్నే నిలబడతా, ఒక్కణ్ణే. పద్నాలుగు దాకా చేతులు వాటంతటవే పోతాయి. ఎదురుగా ఎవరూ ఉండరు, కర్రకు కర్ర తగిలిన శబ్దం మాత్రం వినపడతాది. తర్వాత చెయ్యి ఎడమ పక్కకు లేస్తాది. దెబ్బ రాదు. ఆడనే నిలబడిపోతాది.

…ఎంతసేపంటే? బెల్లు కొట్టేదాకా.

…నీకొచ్చా? పదైదోది? ఎవరు చెప్పినారు? …మీ నాయనేనా, మిద్దె మీద. పద్దెనిమిది దాకానా! నాతో ఒక్క మాట అనలేదే. నాకు తెలీకుండా ఇంకో జోడు పెట్టుకున్నాడా, దొంగ.

ఏమన్నాడు? …‘సార్ ఎదురుగా ఉంటే మెల్లగా కొట్టు, సుద్దముక్క పట్టే చేతులు’ అన్నాడా. …అంటాడు. ఇరవై ఏండ్లూ అదే మాట.

ఆ హారన్ ఏంది? లారీ మాదిరి ఉండాది. మధూ, యాడుండావు?

ఓర్వకల్లా! కర్నూలు దాటి వచ్చేసినావా!

ఎవరితో? …నాయన బండి మీద. ఒక్కదానివే. ఈ ఎండలో. …అమ్మకు చెప్పినావా లేదా, అది చెప్పు ముందు.

…అమ్మే సద్ది కట్టిచ్చిందా.

ఇద్దరికీనా…

ఆడ రాతిగుండ్ల కింద యాడన్నా నీడ ఉంటే కూచో. నీళ్లు తాగు. …ఆగు. ఆ మాట అనొద్దు. ‘సాయంత్రానికొస్తా’ అనొద్దు. ఎన్ని గంటలకో చెప్పు. …ఆరు. ఆరంటే సరే.

కాదు… రావద్దు. ఆడినుంచే వెనక్కి తిరుగు. ఎవరి కాడికి వస్తాండావో నీకు తెలీదు. తెలిస్తే రావు.

…

చెప్తా. ఫోన్ పెట్టేయొద్దు.

ఆ దినం మూడో పీరియడు. నేను తొమ్మిది బీలో ఉండా. గ్రౌండు పక్కన తరగతి అదొక్కటే. తక్కినోళ్లంతా ఆ పక్క ఆఫీసు రూములో మార్కులు వేస్తాండారు. పరీక్షలైపోయినాయి, పాఠం చెప్పే పని కూడా లేదు. నేనే ఊరకుండలేక పైతరగతి పాఠం మొదలుపెట్టినా. నదులు. గ్రౌండులో అరుపులు. మీ నాయన పీరియడంటే అరుపులే గదా, కబడ్డీ అనుకుంటి. పాఠానికి అడ్డమొస్తాందని… పోయి కిటికీ మూసినా.

బయటికి చూడలే. గడియ పెట్టి, పెన్నా నది యాడ పుట్టిందో చెప్పినా. రెండుసార్లు చెప్పినా, రాసుకుంటారని.

పది నిమిషాలమ్మా. ఆయన ఆడ పడిపోయి ఉండాడు. గుండెకు పది నిమిషాలంటే శానా. పిల్లోళ్లు ‘సార్, సార్’ అని అరిచింది ఆయన్ను కాదు. నన్ను.

…

మధూ? …ఉండావా?

…

నీకు తెలుసా.

ఎప్పటినుంచి? …పదకొండో దినం. ఎవరు… కిటికీ పక్కన కూచునే పాప. నాగజ్యోతి. ఆ… ఆ పాప అప్పుడే లేచి ‘సార్’ అంది. కూచో అంటి.

సంవత్సరం నుంచి తెలుసు నీకు. తెలిసే వారం వారం ఫోన్ చేస్తాంటివా, అన్నం తిన్నారా సార్ అని.

…

కర్ర తెచ్చుకున్నావా? …నీ ఎత్తుకు కోసిందేనా, నాయనదా? …నీదే. సరే.

గట్టిగా కొట్టు మధూ. నా చేతులు చూడొద్దు.

…ఆయన మెల్లగా కొట్టమన్నాడంటావు. సరే. మీ నాయన మాటే కానీ.

ప్రయాణం సంగతి ఇప్పుడే అడగొద్దు. ముందు ఆ నాలుగు కానీ, కర్రలు నేల మీద పెట్టనీ. బండెక్కుతానో లేదో ఇప్పుడు మాట ఇయ్యలేను. నేను ఇచ్చిన మాట ఎట్లుంటాదో చూసినావు గదా.

నంద్యాల దాటినాక ఒకసారి, మైదుకూరులో ఒకసారి ఆపి ఫోన్ చెయ్. బండి నడిపేటప్పుడు మాట్లాడొద్దు. …ఆ. గ్రౌండులోనే ఉంటా. …లేదమ్మా, ఆ దినం తర్వాత ఆ కిటికీ నేను ముయ్యలే.

బండి స్టార్ట్ చేసినావా? మధూ? …హలో…

…

పెట్టేసింది.

ఓబుళేశూ… నీ పాప బయలుదేరిందప్పా.

ఇంకా నాలుగు దెబ్బలు ఉండాయి.