పదహారు పొట్లాలు

నా పేరు యలమంచిలి విజయదుర్గ. తండ్రి బాపయ్య. వయసు నలభై నాలుగు. సొంతూరు గోరేబాళ, కాపురం రాయచూరులో. ఎమ్మెస్సీ చదివాను. ఒక విత్తనాల కంపెనీ ల్యాబుకు పదకొండేళ్లుగా ఇన్‌చార్జిని. ప్రసూతి సెలవులో బయట పని చేసిందని సంజనను ఉద్యోగం నుంచి తీసేసిన విషయమై లేబర్ ఇన్‌స్పెక్టర్ తాయప్ప గారు అడిగితే చెబుతున్నాను.

సంజన నా కింద టెక్నీషియన్. 2024 నవంబరు 4 నుంచి ఇరవై ఆరు వారాలు జీతంతో సెలవు తీసుకుని, కాన్పుకు ఇడపనూరులో పుట్టింటికి వెళ్లింది.

2025 మార్చి 3, సోమవారం ఉదయం పదకొండు గంటలకు ఇడపనూరు దగ్గరి విత్తన వడ్ల గోదాము నుంచి మాకు పరీక్షకు నమూనా వచ్చింది. పొట్లానికి పిన్ను లేదు, దారం లేదు. కాగితం అంచే లోపలికి దూర్చి ఉంది. సంజన వాళ్ల నాన్నది కిరాణా కొట్టు. జీలకర్ర పొట్లం కట్టే ఆ మడత మా ల్యాబులో ఇంకెవరికీ రాదు. "ఇది మన సంజన మడత" అన్నాను. నవ్వుతూనే అన్నాను. పక్కనే ఉన్న మేనేజర్ విజయకుమార్ గారు నవ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి ఆయనతో నేనూ గోదాముకు వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సిందేమో. వరండాలో సంజన చాట ముందు పెట్టుకుని వడ్లలో కలుపు గింజలు ఏరుతోంది. చంటిదాన్ని సంచుల మీద పడుకోబెట్టింది. దాని కళ్లలో పొట్టు పడకుండా మా కంపెనీ క్యాలెండరు కాగితం అడ్డం పెట్టింది.

"ఎన్ని రోజుల్నుంచి?" అని ఆయన అడిగారు.

"ఇరవై రోజులైతంది సార్. రోజు మూడు గంటలే." తర్వాత నావైపు చూసింది. "ఏంది మేడం, మీరు పంపినయి గూడ ఏరిన గద. గవి ఏరితే సెలవు, గివి ఏరితే నౌకరీనా?"

ఏం పంపారని ఆయన నన్ను అడగలేదు. ఆయనకు తెలుసు.

మార్చి 10న ఆమెను తీసేశారు. "గోదాములో చూసింది చెప్పండి, చాలు" అని విజయకుమార్ గారు నిన్న నాతో అన్నారు. చూసింది చెప్పాను. నాలుగు నెలలుగా ల్యాబులో లేని మనిషి మడతను చూడగానే ఎలా పట్టారని తాయప్ప గారు అడిగారు.

జనవరి 8 నుంచి ఫిబ్రవరి 26 వరకు ప్రతి బుధవారం పది గంటల ఇడపనూరు బస్సులో రెండేసి నమూనాలు సంజనకు పంపాను. పంపమన్నది విజయకుమార్ గారు. ఫోన్ చేసింది నేను. "ఇంట్లో ఊరికే కూర్చున్నావు కదమ్మా, కాస్త చూసిపెట్టు" అన్నాను. అప్పటికి బిడ్డకు ఏడు వారాలు. ఈ పనికి ఆమెకు విడిగా ఏమీ ఇవ్వలేదు. ఆమె అడగలేదు. అడగదని తెలిసే పంపానేమో. ఏరిన గింజలను పొట్లాలు కట్టి తిరుగు బస్సులో పంపేది. రిపోర్టుల మీద సంతకం నాది.

ఆ పదహారు పొట్లాలు నా సొరుగులోనే ఉండేవి. ఇవాళ తెచ్చి తాయప్ప గారి బల్ల మీద పెట్టాను. పిన్ను లేదు, దారం లేదు.

నేను చెప్పింది రాసి నాకు చదివి వినిపించారు. "కంపెనీ పంపింది" అని రాసిన చోట "నేను పంపాను" అని మార్చమన్నాను. మార్చారు. ఇప్పుడు ఇందులో ఉన్నదంతా నిజం. ఎవరి ఒత్తిడీ లేకుండా సంతకం చేస్తున్నాను.

(సంతకం) వై. విజయదుర్గ
రాయచూరు, 2025 ఏప్రిల్ 7, ఉదయం 11.40